ఒకే మనిషికి రెండు మూడు ఖాతాలు ఉన్నప్పుడు పాటించవలసిన పద్ధతి

మహబూబ్‌నగర్‌లో మా వదినకు నారాయణపేట చీరల దుకాణం ఉంది. దుకాణం పేరుతో ఉన్న ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ ఖాతాలను నేనే చూసుకుంటాను. నా సొంత పేరుతో ఒక ఖాతా ఉంది. కవితలు పెట్టుకోవడానికి కలంపేరుతో మరొకటి ఉంది. అన్నింటినీ ఒకే ఫోనులో, ఒకే చేత్తో నడుపుతున్నాను కనుక, ఏ పూట ఎవరిగా మాట్లాడుతున్నానో నాకు నేనే గుర్తు చేసుకోవలసి వస్తుంది. ఒకసారి ఆ తేడాను తెలిసి తెలిసి పక్కన పెట్టి తప్పు చేశాను. ఆ తప్పు నుంచి నేర్చుకున్న పద్ధతినే ఇక్కడ వివరిస్తున్నాను.

ఒకటికి మించి ఖాతాలున్నవారిని మన దగ్గర వెంటనే ‘ఫేక్ ఐడీ’ అని తీసిపారేస్తారు. అది తొందరపాటు. నల్లగొండలోని మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయంలో చదువుకోవడానికి పల్లె నుంచి వచ్చిన ఒక అమ్మాయిని తీసుకోండి. ఆమె ఫేస్‌బుక్‌లో పెదనాన్నలు, మేనమామలు, ఊరి పెద్దలు అందరూ ఉంటారు. స్నేహితురాళ్లతో నాగార్జునసాగర్ వెళ్లి దిగిన ఫొటోను అక్కడ పెడితే, చీకటి పడేలోగా ఇంటికి ఫోను వెళ్తుంది. అందుకని ఇరవై మంది స్నేహితులకు మాత్రమే కనిపించే ఖాతాను ఆమె వేరుగా పెట్టుకుంటే, అందులో ఎవరికీ నష్టం లేదు, ఎవరినీ నమ్మించి ముంచడమూ లేదు. బడిపంతులు పిల్లలకు పాఠాల వీడియోలు పంపే ఖాతాను, చుట్టాల పెళ్లి ఫొటోలు పెట్టే ఖాతాను విడదీసుకోవడం కూడా ఇలాంటిదే. నిజానికి అది పిల్లలకూ మేలు. ఇంట్లో మాట్లాడే తీరు ఒకటి, ఆఫీసులో మాట్లాడే తీరు మరొకటి కావడం మనకు ఇంటర్నెట్ నేర్పిన విద్య కాదు.

కాబట్టి ఖాతాలు ఎన్ని అన్నది అసలు ప్రశ్న కాదు. ఒకే చోట, ఒకే విషయం మీద మీరు ఇద్దరు మనుషులుగా లెక్కకు వస్తున్నారా అన్నదే ప్రశ్న. ఈ వ్యాసంలో చెప్పే జాగ్రత్తలన్నీ దాని నుంచి పుట్టినవే.

ముందు ఆ వేదిక ఏమంటుందో చూసుకోవాలి

రెండో ఖాతా తెరిచే ముందు ఆ వేదిక నియమాలను ఒకసారి చదవడం కనీస మర్యాద. అన్ని చోట్లా నియమం ఒకే తీరుగా లేదు. ఫేస్‌బుక్ ఒక మనిషికి ఒకే వ్యక్తిగత ఖాతా అంటుంది. అయితే 2023 సెప్టెంబరు నుంచి ఆ ఒక్క ఖాతా కిందనే మరో నాలుగు ప్రొఫైళ్ల దాకా పెట్టుకునే వీలు కల్పించింది. దుకాణానికి, సంఘానికి పేజీ అనే ఏర్పాటు ఎలాగూ ఉంది కనుక, అక్కడ వేరే ఈమెయిల్‌తో రెండో వ్యక్తిగత ఖాతా తెరవవలసిన పని ఉండదు. ఇన్‌స్టాగ్రామ్ యాప్‌లో ఐదు ఖాతాల వరకు కలుపుకొని ఒకదాని నుంచి మరొకదానికి మారవచ్చు. ట్విట్టర్ అని మనకు అలవాటైన ఎక్స్ కూడా ఎక్కువ ఖాతాలను ఒప్పుకుంటుంది కానీ, వాటితో ఒకే మాటను పెంచి చూపించడాన్ని నిషేధించింది. ఉద్యోగ పరిచయాలకు వాడే లింక్డిన్ ఒక మనిషికి ఒక్క ఖాతానే, అదీ అసలు పేరుతోనే ఉండాలంటుంది. వాట్సాప్ 2023 అక్టోబరులో ఒకే ఆండ్రాయిడ్ ఫోనులో రెండు నంబర్ల ఖాతాలు పెట్టుకునే వెసులుబాటును ప్రకటించింది. దుకాణదారుల కోసం బిజినెస్ యాప్ 2018 నుంచే ఉంది.

ఈ విషయంలో నాకు అన్నింటికంటే స్పష్టంగా తోచినది వికీపీడియా పద్ధతి. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో మొదలైంది. వికీపీడియాలో రెండో ఖాతా ఉండటం నేరం కాదు. పదిమంది వాడే కంప్యూటరులో పనిచేసేటప్పుడు భద్రత కోసమో, యాంత్రికంగా దిద్దుబాట్లు చేసే బాట్ కోసమో వేరే ఖాతా పెట్టుకొని, ఇది ఫలానా వాడుకరిదే అని పరిచయ పేజీలో రాసుకుంటారు. ఒకే చర్చలో రెండు పేర్లతో మద్దతు పలకడం, నిషేధం పడ్డాక మరో పేరుతో తిరిగి రావడం మాత్రం అక్కడ పెద్ద తప్పు. అలాంటి అనుమానం వచ్చినప్పుడు సాంకేతిక నమోదులను పరిశీలించే హక్కును చాలా కొద్దిమంది వాడుకరులకే ఇస్తారు. చెప్పుకున్న రెండో పేరుకు గౌరవం, దాచిపెట్టి రెండో చెయ్యి ఎత్తినవారికి నిషేధం అన్న ఈ విభజన ప్రతి చోటా పనికివస్తుంది.

వేదిక ఒప్పుకున్నదంతా మంచిదని మాత్రం అనుకోకూడదు. ఇన్‌స్టాగ్రామ్ ఐదు ఖాతాలు ఇచ్చింది కదా అని ఐదుగురు మనుషులమని చెప్పుకునే హక్కు రాదు.

తెలిస్తే ఏమవుతుంది అన్న పరీక్ష

నేను చేసిన తప్పు ఇది. మా పట్టణానికి సంబంధించిన ఒక ఫేస్‌బుక్ గ్రూపులో ఒకావిడ, మరమగ్గం మీద నేసినది కాకుండా అసలైన నారాయణపేట చేనేత చీర ఎక్కడ దొరుకుతుందని అడిగింది. నేను దుకాణం పేరుతో జవాబు రాసి ఊరుకుని ఉంటే సరిపోయేది. అలా చేయకుండా కలంపేరు ఖాతాలోకి మారి, ‘నేను ఫలానా దుకాణంలో తీసుకున్నాను, గళ్లు, అంచు చూస్తేనే తెలిసిపోతుంది, నేత గట్టిది’ అని రాశాను. కింద దుకాణం ఖాతా నుంచి నేనే ధన్యవాదాలు చెప్పుకున్నాను. మరుసటి ఆదివారం ఆవిడ దుకాణానికి వచ్చింది. పదవీ విరమణ చేసిన టీచరు, కూతురి శ్రీమంతానికి చీర కావాలని వచ్చింది. చీర తీసుకుంది. మాటల మధ్యలో మా వదిన గర్వంగా, మా మరిది కవితలు కూడా రాస్తాడని ఆ కలంపేరు చెప్పింది.

టీచరమ్మ నా వైపు చూసి, “ఆ మాట రాసింది నువ్వేనా బిడ్డా? నేను కొన్నోళ్లెవరో చెప్పిన్రు అనుకుంటి” అన్నది. చీర తిరిగి ఇవ్వలేదు, గొడవ పెట్టుకోలేదు. చీర మంచిదే, నేను చెప్పిన గుణాలన్నీ దానికి ఉన్నాయి. అయినా ఆ పూట నాకు తలెత్తబుద్ధి కాలేదు. ఎందుకంటే ఆమె నమ్మింది చీర గురించి చెప్పిన మాటను కాదు, ఆ మాట చెప్పినవాడికి లాభం లేదన్న సంగతిని. అది అబద్ధం.

అప్పటి నుంచి ఏ ఖాతాలో ఏది రాసినా ఈ పరీక్ష పెట్టుకుంటున్నాను: ఈ రెండు ఖాతాలూ ఒకరివే అని ఎదుటివారికి ఈ క్షణంలో తెలిస్తే, వారు తీసుకోబోయే నిర్ణయం మారుతుందా? మారకపోతే ఆ రెండో ఖాతా మీ సొంత వ్యవహారం. కలంపేరుతో కవిత చదివినవారికి నేను చీరల దుకాణం చూసుకుంటానని తెలిసినా, తెలియకపోయినా ఒకటే. మారేటట్లుంటే మాత్రం చెప్పి మాట్లాడాలి, లేదా ఆ చోట నోరు మెదపకూడదు. మూడో దారి లేదు.

కలంపేర్ల సంగతి వచ్చింది కనుక మన పాలమూరు (మహబూబ్‌నగర్) పెద్దాయనను తలచుకోవడం సబబు. సురవరం ప్రతాపరెడ్డి గోలకొండ పత్రికను నడిపిన కాలంలో ఒకటికి మించిన కలంపేర్లతో రాశారు. పత్రికకు రాసేవారు కరువైన రోజుల్లో, నిజాం పాలనలో, అది అవసరమూ, ఆనవాయితీ కూడా. కానీ తెలంగాణలో కవులే లేరన్న మాట వచ్చినప్పుడు ఆయన 1934లో గోలకొండ కవుల సంచికను వెలువరించారు. అందులో 354 మంది కవులున్నారు. ఆ సంఖ్యలో పాతికమంది ఆయన కలంపేర్లే అయి ఉంటే ఏమయ్యేదో ఆలోచించండి. ఒక్క పేరు బయటపడినా మిగతా కవులందరి మీదా అనుమానం పడి, ఆ జవాబుకు ఉన్న బలమంతా పోయేది. వ్యాసం కింద కలంపేరు పెట్టినప్పుడు పాఠకుడు వ్యాసాన్ని చూస్తాడు. తలలు లెక్కపెట్టే చోట పేరు పెట్టినప్పుడు తలనే చూస్తాడు. ఫేస్‌బుక్‌లో లైకులు, పోల్‌లో ఓట్లు, దుకాణానికి ఇచ్చే రేటింగు చుక్కలు (స్టార్లు), ఒక పోస్టు మీద మూకుమ్మడిగా చేసే ఫిర్యాదులు, ఇవన్నీ తలలు లెక్కపెట్టే చోట్లు. గ్రామసభలో ఒకడే తువ్వాల మార్చుకొని రెండుసార్లు చేయి ఎత్తితే ఊరు ఊరుకోదు. అక్కడ ముఖం కనిపిస్తుంది, ఇక్కడ కనిపించదు. తేడా అంతే.

దీనివల్ల జరిగే నష్టం చీరతో ఆగదు. నల్లగొండ బత్తాయి రైతులు ధరలు తెలుసుకునే ఒక వాట్సాప్ గ్రూపును ఊహించుకోండి. అందులో ఒక దళారి రెండు నంబర్లతో చేరాడనుకుందాం. ఒక నంబరుతో టన్నుకు ఇంత అని తక్కువ ధర పెడతాడు. పది నిమిషాలు ఆగి రెండో నంబరుతో రైతులాగా, ‘అవును, మా తోట కూడా నిన్న అంతకే పోయింది, ఇంకా పడేటట్లుంది’ అని రాస్తాడు. అప్పటికే కాయ కోతకు వచ్చి, నీళ్లకూ కూలీలకూ అప్పు తెచ్చి ఉన్న రైతు ఆ రెండో మాట చూసి భయపడతాడు. మొదటి మాటను అతను బేరంగానే తీసుకున్నాడు, దానికి సిద్ధంగానే ఉన్నాడు. అతన్ని ముంచింది రెండోది. ఇక్కడ దళారి చెప్పిన ధర నిజంగానే ఆ రోజు ధర అయి ఉండవచ్చు కూడా. అయినా తప్పు తప్పే, ఎందుకంటే సాటి రైతు సాక్ష్యమని నమ్మించి బేరం చేశాడు. ఇలాంటి గ్రూపుకు అడ్మిన్‌గా ఉన్నవారు చేరేటప్పుడే ఊరు, తోట వివరం అడిగి, వ్యాపారుల పేరు పక్కన ‘వ్యాపారి’ అని రాయించడం మంచిది. వ్యాపారి గ్రూపులో ఉండటంలో దోషం లేదు. రైతు వేషంలో ఉండటంలోనే ఉంది.

కొన్న వస్తువు మీద రాసే అభిప్రాయాల విషయంలో భారతీయ ప్రమాణాల సంస్థ 2022 నవంబరులో ఐఎస్ 19000 అనే ప్రమాణాన్ని తెచ్చింది. సమీక్ష రాసినవారు ఎవరో సరిచూసుకోవాలని అది వేదికలకు చెబుతుంది. చిన్న దుకాణదారుకు అంత పెద్ద పుస్తకం అక్కర్లేదు. ఇంటిల్లిపాదీ తలా ఒక ఖాతాతో ఐదు చుక్కలు వేయకపోతే చాలు.

బ్లాక్ చేసిన తలుపును మరో పేరుతో తట్టకూడదు

మిగతా విషయాల్లో నేను కొంత సందు ఇస్తాను కానీ, ఇందులో ఇవ్వను. ఎవరైనా మిమ్మల్ని బ్లాక్ చేశారంటే వారి వాకిట్లోకి రావద్దన్నారని అర్థం. రెండో ఖాతాతో వెళ్లి వారి స్టేటస్ చూడటం, వేరే పేరుతో స్నేహితుడిగా చేరడం, ‘ఏమీ అనను, ఊరికే చూస్తాను’ అనుకోవడం, ఇవన్నీ గోడ దూకడమే. మాట్లాడటం మానేసిన అమ్మాయి ఫొటోలను మరో ఐడీతో రోజూ చూసే యువకులు నాకు తెలుసు. వారిలో చెడ్డవాళ్లు తక్కువ, బాధలో ఉన్నవాళ్లే ఎక్కువ. అయినా చట్టం బాధను చూడదు. 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలోని 78వ సెక్షన్ ప్రకారం, ఒక స్త్రీ ఇష్టం లేదని స్పష్టం చేశాక కూడా పురుషుడు పదేపదే సంప్రదించడానికి ప్రయత్నించడమే కాదు, ఆమె ఇంటర్నెట్ వాడకాన్ని గమనిస్తూ ఉండటం కూడా వెంటాడటం కిందికే వస్తుంది. మొదటిసారి నేరానికి మూడేళ్ల దాకా జైలుశిక్ష ఉంది. గ్రూపు నుంచి తీసేసిన అడ్మిన్ మీద కోపం ఉంటే నేరుగా ఫోను చేసి అడగండి. కొత్త నంబరుతో తిరిగి దూరకండి.

దీనికి ఎదురు పక్షం కూడా ఉంది. వేధింపులు భరించలేక పాత ఖాతా వదిలి, ఎవరికీ చెప్పకుండా కొత్త పేరుతో బతుకుతున్న స్త్రీ ఆ సంగతిని ఎవరికీ వెల్లడించవలసిన అవసరం లేదు. ఆమె కొత్త ఖాతాను కనిపెట్టి ‘ఇది ఫలానా ఆవిడదే’ అని నలుగురిలో చెప్పేవాడే తప్పు చేసినవాడు. ఎదుటివారి రెండో పేరు మీకు తెలిసిపోతే దాన్ని మీ దగ్గరే ఉంచుకోండి. డబ్బు మోసమో, బెదిరింపో ఉంటే మాత్రం అడ్మిన్‌కో, పోలీసులకో చెప్పాలి తప్ప రచ్చకెక్కించకూడదు.

పేరు, ఫొటో, పరిచయం ఎలా పెట్టుకోవాలి

కొత్త పేరు పెట్టుకునేటప్పుడు బతికి ఉన్న మరొకరిది అనిపించే పేరు వద్దు. డీపీగా తెలియని మనిషి ఫొటో, అందులోనూ ఎవరో ఆడపిల్ల ఫొటో అసలే వద్దు. పువ్వు, చెట్టు, పిల్లలమర్రి ఊడలు ఏవైనా పెట్టుకోవచ్చు. కలంపేరుతో వేరే కులం, వేరే మతం, వేరే ఊరు అని చెప్పుకొని ఆ వర్గం తరఫున మాట్లాడటం కలంపేరు కిందికి రాదు. అది వేషం వేసుకొని సాక్ష్యం చెప్పడం. నాయకుల మీద హాస్యం కోసం ఖాతా నడిపేవారు అది హాస్యం ఖాతా అని పేరులోనే తెలిసేట్లు రాయాలి. పరిచయంలో మూలన పెడితే చాలదు, ఎందుకంటే ఫార్వర్డ్ అయిన బొమ్మలో పరిచయం రాదు.

పరిచయంలో ఎంత చెప్పాలన్నది ఖాతా పనిని బట్టి ఉంటుంది. డబ్బు చేతులు మారే ఖాతా అయితే నడిపేది ఎవరో పూర్తిగా చెప్పాలి. కవితలకో, సినిమా కబుర్లకో పెట్టుకున్నదైతే చెప్పకపోయినా ఫరవాలేదు కానీ, మీ రెండు ఖాతాలూ ఒకే గ్రూపులో చేరకుండా చూసుకోవాలి. ఏదైనా కారణం చేత రెండూ ఒకే చోట ఉండక తప్పకపోతే అడ్మిన్‌కు వ్యక్తిగతంగా చెప్పి, ఒకదాంతోనే మాట్లాడండి. పొరపాటున దుకాణం ఖాతా నుంచి సొంత అభిప్రాయం పడిపోవడం అందరికీ జరిగేదే. అప్పుడు గుట్టుగా తీసేసి మరో పేరుతో మళ్లీ పెట్టకుండా, ‘ఇందాకటి మాట నాది, దుకాణానిది కాదు’ అని ఒక వరుస రాయండి. స్క్రీన్‌షాట్ తీసినవాడు ఎలాగూ ఒకడుంటాడు.

తిరగేసిన చిక్కు కూడా మన దగ్గర ఎక్కువే. నేతకారుడైన తండ్రి పేరుతో ఖాతా ఉంటుంది, మాట్లాడేది కొడుకు; సర్పంచి పేరుతో పోస్టు పడుతుంది, రాసేది బంధువు. తండ్రి ఫొటో కింద ‘నలభై ఏళ్లుగా నేస్తున్నాను’ అని ఉంటే అది తండ్రి చెప్పిన మాటే కావాలి. ‘ఈ ఖాతాను కుటుంబ సభ్యులు నడుపుతారు’ అని రాస్తే చిక్కు తీరుతుంది. అసెంబ్లీకి, పార్లమెంటుకు పోటీ చేసేవారు తమ సోషల్ మీడియా ఖాతాలను ప్రమాణపత్రంలో చూపాలని ఎన్నికల సంఘం 2013లోనే ఆదేశించింది. అభ్యర్థి చూపిన ఖాతా ఒకటీ, అనుచరుడు తెల్లవార్లూ తిప్పే ఇరవై పేరులేని ఖాతాలు మరొకటీ అయితే ఆ ఆదేశానికి అర్థం ఉండదు.

పూర్తి గుట్టు దొరుకుతుందని మాత్రం ఆశపడకండి. ఫోనులోని నంబర్ల జాబితాను యాప్‌కు చూపిస్తే, మీ రెండో ఖాతాను అదే యాప్ తీసుకెళ్లి మీ మేనమామ ముందు పెట్టవచ్చు. వేరే ఈమెయిల్ వాడి, నంబర్ల జాబితాకు అనుమతి ఆపేయడం తొలి పని. రెండో ఖాతా కోసం ఇంకొకరి ఆధార్‌తో సిమ్ తీయకూడదు. తెలంగాణలో ఒకరి పేరు మీద తొమ్మిది కనెక్షన్ల దాకా ఉండవచ్చు కనుక ఆ అవసరమూ లేదు. మీ పేరు మీద మీకు తెలియని నంబర్లు నడుస్తున్నాయేమో కేంద్ర టెలికాం శాఖ వారి ‘సంచార్ సాథీ’ వెబ్‌సైటులో చూసుకోవచ్చు.

మీ పేరుతో వేరెవరో ఖాతా తెరిస్తే

ఫొటో, పేరు ఎత్తుకొని, ‘ఆపదలో ఉన్నాను, ఫోన్‌పే చెయ్యి’ అని అడిగే ఖాతా ఇప్పుడు ప్రతి ఊళ్లోనూ తెలిసిన సంగతే. ముందు స్క్రీన్‌షాట్లు, ఆ ఖాతా లింకు దాచుకోండి. తర్వాత వేదికకు ఫిర్యాదు చేయండి. మరొకరిలా నటించే ఖాతాలపై బాధితులు ఫిర్యాదు చేస్తే వేదిక తక్కువ గడువులోనే చర్య తీసుకోవాలని ఐటీ (సమాచార సాంకేతిక) నిబంధనలు చెబుతున్నాయి. డబ్బు పోయి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోను చేయాలి. కంప్యూటరు, ఫోనుల ద్వారా వేరొకరిలా నటించి మోసగించడం ఐటీ చట్టం 66డి సెక్షన్ కిందికి, ఇంకొకరి పాస్‌వర్డ్ వంటి గుర్తింపును మోసంతో వాడటం 66సి కిందికి వస్తాయి. రెండింటికీ మూడేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా ఉన్నాయి.

ఖాతా వదిలేసేటప్పుడు

ఫాలోవర్లు పెరిగిన పేజీని అమ్ముకునేవారున్నారు. యాదగిరిగుట్ట ఫొటోల కోసం చేరిన వేలమంది ఒక ఉదయం లేచేసరికి పార్టీ ప్రచారమో, పెట్టుబడి పథకమో కనిపిస్తే, వారిని అడగకుండా వారి మెప్పును అమ్మినట్లే. పేజీ స్వభావం మార్చాలంటే ముందుగా రాసి, కొన్ని వారాలు ఆగి, వెళ్లాలనుకున్నవారిని వెళ్లనివ్వాలి.

పాలమూరు నుంచి ముంబైకి, పుణెకు పనికి వెళ్లేవారికి ఒక మాట. అక్కడ కొత్త సిమ్ తీసుకొని పాతది రీచార్జి చేయడం మానేస్తే, కనెక్షన్ రద్దయి 90 రోజులు గడిచాక కంపెనీ ఆ నంబరును మరొకరికి ఇవ్వవచ్చు. మీ పాత ఫేస్‌బుక్ ఖాతా ఆ నంబరుకే కట్టి ఉంటే, పాస్‌వర్డ్ మార్చే ఓటీపీ ఆ కొత్త మనిషికి వెళ్తుంది; మీ ఫొటోతో మీ ఊరివాళ్లను అతను పలకరించగలడు. కాబట్టి సిమ్ వదిలే ముందే ప్రతి ఖాతా సెట్టింగ్స్‌లోకి వెళ్లి పాత నంబరు తీసేసి కొత్తది చేర్చండి. వాట్సాప్‌లో అయితే ‘నంబరు మార్చు’ అన్న ఏర్పాటు వాడితే మీరున్న గ్రూపులకు అదే తెలియజేస్తుంది. ఇక వాడని రెండో ఖాతాలో ఉన్న మీ ఫొటోలు, రాతలను డౌన్‌లోడ్ చేసుకొని, దాన్ని శాశ్వతంగా తొలగించి, ఆ తర్వాతే పాత సిమ్‌ను ఫోనులోంచి తీయండి.